దహీబా గొంతు

నూబియా వాళ్లకు యాస పెట్టాలని జోగారావు గారు సగం టీ తాగేసరికే తీర్మానించేశారు.

"చాలా సింపుల్ ప్రేమా," అన్నారు స్క్రిప్టు కాగితాలు ఒళ్లో సర్దుకుంటూ. "ఈజిప్టు వాళ్లంటే ఫారోలు, పూజారులు. వాళ్లకు నిండైన తెలుగు, పైన కాస్త గ్రాంథికం చల్లుదాం. దక్షిణాన ఉన్న ఈ నూబియా వాళ్లేమో బంగారం తవ్వేవాళ్లు, పశువులు కాసేవాళ్లు, ఫారో కొలువులో విల్లు పట్టే సిపాయిలు. వీళ్లకు యాస. నోరు తెరవగానే ఎవడెవడో ప్రేక్షకుడికి తెలిసిపోవాలి."

"ఏ యాస సార్?" అద్దం అవతల నుంచి శ్రావణ్ అడిగాడు.

"ఇంకేం యాసయ్యా, మీదే. తెలంగాణ యాస. దాంట్లో ఉన్న మజా వేరు."

"గట్లనా. మావోళ్లు ఆఫ్రికా దాక వొయ్యిండ్రన్నట్టు," అన్నాడు శ్రావణ్.

శ్రావణ్ ఆ డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరు. పుట్టిందీ పెరిగిందీ రాంనగర్‌లో. ఇలాంటి మాటలకు కోపం తెచ్చుకోవడం ఎప్పుడో మానేసి, ఒక జోకు విసిరి తన పని తాను చూసుకుంటాడు. నారాయణగూడ మెట్రో స్తంభాల పక్క సందులో, కళ్లజోళ్ల దుకాణం పైన రెండో అంతస్తులో రెండే గదులు ఆ స్టూడియో. ఒక గదిలో మైకు, గోడల నిండా నల్ల స్పాంజి. ఇంకో గదిలో కంప్యూటరు, దాని ముందు శ్రావణ్, వెనక కుర్చీలో డైరెక్టరు జోగారావు గారు. హిందీ సీరియళ్లు, బొమ్మల సినిమాలు, సబ్బు ప్రకటనలు అన్నీ ఆ కుర్చీలోంచే తెలుగులోకి దిగుతాయి. ఈసారి దిగాల్సింది నైలు నది మీద ఒక పెద్ద డాక్యుమెంటరీ. దాంట్లో పాత కాలపు ఘట్టాలను నటులతో ఆడించి తీశారు. మధ్యమధ్య ఇప్పటి మనుషులు కనిపించి తమ కథలు చెప్పుకుంటారు.

ప్రేమ కాగితాలు తిప్పుతూ అడిగింది. "మరి పియే సంగతేంటండీ? ఆయన నూబియా రాజే. కానీ సైన్యంతో వచ్చి ఈజిప్టునంతా గెలుచుకున్నాడు. ఆయన తర్వాత ఆయన వాళ్లే ఫారోలయ్యారని రాశారిక్కడ."

జోగారావు గారు ఒక్క క్షణం ఇబ్బంది పడ్డారు. తన సిద్ధాంతానికి ఇంత తొందరగా చిల్లు పడుతుందని ఆయన అనుకోలేదు. "ఈజిప్టులో అడుగు పెట్టేదాకా యాస. కిరీటం పెట్టుకున్నాక గ్రాంథికం."

"అంటే కిరీటం వెట్టుకోంగనే నోరు మారిపోతదా సార్?"

"మారదటయ్యా? నువ్వే చూడు, ఎవరికైనా ఒక కుర్చీ దొరికాక మాట అలాగే ఉంటుందా?"

తమాషా ఏమిటంటే స్క్రిప్టు కూడా కాస్త అటూ ఇటూగా అదే చెబుతోంది. పియే తన విజయాన్నంతా నల్లని రాతి మీద చెక్కించాడు, ఈజిప్టు లిపిలో, ఈజిప్టు భాషలో. ఇంట్లో పెళ్లాం పిల్లలతో ఆయన ఏ భాష మాట్లాడేవాడో పండితులకు ఈనాటికీ తేలలేదు. ప్రేమ ఆ వాక్యం దగ్గర ఆగింది, తర్వాత పేజీ తిప్పేసింది.

ఆమెకు కావలసింది రాజు కాదు, దహీబా. ఆ సినిమాలో దాదాపు పావుగంట కనిపించే నూబియా ముసలామె. ఇన్నేళ్లుగా ప్రేమ గొంతిచ్చినవాళ్లందరూ పేరు లేని ఆడవాళ్లే. నర్సు, టీచరమ్మ, పెళ్లిలో ఒక ముత్తయిదువ, ఏడుపుగొట్టు గుంపులో ఒక ఏడుపు. దహీబాకు పేరుంది. ఆమెకు గొంతిచ్చిన మనిషి పేరు కూడా చివర్లో తెర మీద పడుతుంది. ఆ పాత్ర ప్రేమకే అని జోగారావు గారు ముందే మాటిచ్చారు.

"అయితే ఒక చిక్కొచ్చిందమ్మా," అన్నారాయన ఇప్పుడు, నిజంగానే బాధపడుతూ. "దహీబాకూ యాసే కదా పెట్టాలి. నీకేమో రాదు. నీ తెలుగు మరీ కడిగిన ముత్యంలా ఉంటుంది. బాలత్రిపురసుందరికి ఫోన్ చెయ్యక తప్పదేమో."

బాలత్రిపురసుందరిది తెనాలి. సీరియళ్లలో తెలంగాణ పనిమనిషి ఎవరు నోరు విప్పినా ఆ గొంతు ఆమెదే. యాసలో ఆమెను మించినవాళ్లు లేరని ఊళ్లో ఉన్న అన్ని స్టూడియోల్లోనూ పేరు.

"నాకొచ్చు సార్," అంది ప్రేమ.

"నీకా? ఎక్కణ్ణించి?"

చెప్పేస్తే సరిపోయేది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ 'కడిగిన ముత్యం' అనిపించుకున్న నోరు అది. జోగారావు గారు ఆమె శకారాలనూ ళకారాలనూ దిద్ది దిద్ది తయారు చేసిన నోరు. మాది చిక్కడపల్లేనండీ అని మొదటి రోజున అన్న మాటను ఇన్నేళ్లూ ఎవరూ తవ్వి చూడలేదు.

"మా పక్కింటివాళ్లు పాలమూరు వాళ్లండీ. రోజూ వింటూనే ఉంటాను."

"అదృష్టం! అయితే పట్టేయ్. రేపొచ్చి వినిపించు. కుదిరితే నీదే," అన్నారు జోగారావు గారు.

చిక్కడపల్లి లైబ్రరీ ముందు మెట్ల మీద, గోడల మీద, ఆపిన బండ్ల మీద కూర్చుని పిల్లలు చదువుకుంటున్నారు. వాళ్లను దాటుకుని ప్రేమ అశోక్‌నగర్‌లో తన సందులోకి మళ్లేసరికి, ఇంటి కింద ఉన్న అమ్మాయిల హాస్టల్ మెట్ల మీద తల్లి గోకరకాయ తుంచుతూ కనిపించింది. ఆశమ్మ ఒకప్పుడు తట్టలు మోసింది. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక ఈ హాస్టలుకు కూరలు తుంచిపెడుతోంది. గ్రూప్ పరీక్షలకు చదివే పాలమూరు పిల్లలు ఎక్కువ అందులో. వాళ్లతో ముచ్చట్లు పెట్టుకోవడానికే ఆమె ఈ పని చేస్తుందని ప్రేమ అనుమానం.

"వచ్చినవా బిడ్డా? చాయ్ తాగినవా?"

"తాగానమ్మా."

"ఏమన్న తింటవా?"

"వద్దమ్మా, ఆకలిగా లేదు."

వాళ్లిద్దరి మధ్య మాటలు ఇలాగే నడుస్తాయి. ప్రశ్న ఒక తెలుగులో, జవాబు ఇంకో తెలుగులో. ఇంట్లో యాస జారితే మైకు ముందు కూడా జారుతుందని ప్రేమ మొదట్లో జాగ్రత్త పడింది. తర్వాత ఆ జాగ్రత్త అవసరం కూడా లేకుండా పోయింది. ఆశమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు. స్టూడియో నుంచి ఫోనొస్తే మాత్రం తాను మాట్లాడకుండా తెచ్చి కూతురి చేతికిచ్చేది.

ప్రేమ పైకెళ్లి బట్టలు మార్చుకుని, అద్దం ముందు నిలబడి దహీబా మాటలు తీసింది. గొంతు కొద్దిగా బొంగురు చేసి, చివరలు సాగదీసి మొదలుపెట్టింది. "మా ఊరు మొత్తం నీళ్లల్ల మునిగిపాయెనుల్లా... గిప్పుడు యాడికి వోవాలె మేమూ..."

గోకరకాయ గిన్నె చంకన పెట్టుకుని ఆశమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవల్ని ఎక్కిరిస్తున్నవే?"

"వెక్కిరించడం కాదమ్మా. పాత్ర. మన మాటే పెట్టమన్నారు."

"మనం గిట్ల మాట్లాడ్తమా?" ఆశమ్మకు కోపం రాలేదు, నిజంగానే అడిగింది. "టీవీల పనామె మాట్లాడినట్టున్నది. ఆమెకేమన్న పక్షవాతం వచ్చిందా ఏంది, మాట గట్ల గుంజుతున్నది?"

ప్రేమ ఇంకోసారి ప్రయత్నించింది. ఈసారి సాగదీయకుండా, మెల్లగా. అప్పుడు అది వార్తలు చదివినట్టు వచ్చింది. మూడోసారి మళ్లీ పనిమనిషి వచ్చింది. ఆ రెండు గొంతులూ తలుపు దగ్గర తయారుగా నిలబడి ఉన్నాయి, మూడోది ఎంత పిలిచినా రావడం లేదు. చిన్నప్పుడు ఇటుకల కుప్పల మధ్య ఆడుకుంటూ, అరుస్తూ, ఏడుస్తూ మాట్లాడిన మాట ఎక్కడికో పోయింది. ప్రేమకు భయం వేసింది. పాత్ర పోతుందని కాదు, అది వేరే భయం.

"సరె తియ్, ఎవరామె? సూపియ్," అంది ఆశమ్మ మంచం మీద కూర్చుంటూ.

ప్రేమ ఫోనులో చూపించింది. తెల్లని పల్చని వస్త్రం తల మీదుగా చుట్టుకున్న నల్లని ముసలామె ఒకతె మట్టి అరుగు మీద కూర్చుని ఏదో చెబుతోంది. ప్రేమ స్క్రిప్టు చూసి అర్థం చెప్పింది. ఆమెది సూడాన్. అవతల ఈజిప్టులో నైలు మీద పెద్ద డ్యామ్ కట్టారు. వెనక్కి నిలిచిన నీళ్లలో వాళ్ల ఊళ్లన్నీ మునిగాయి. రైళ్లెక్కించి ఎక్కడో దూరాన తెచ్చి పడేశారు. బడిలో వాళ్ల భాష మాట్లాడితే కొట్టేవాళ్లు. ఇప్పుడామె పిల్లలకు ఆ భాష అర్థమవుతుంది కానీ, వాళ్లు అరబ్బీలోనే జవాబిస్తారు.

ఆశమ్మ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "డ్యామ్ కట్టిన్రా," అంది. ఇంకేదో అనబోయింది. ఇంతలో కూరగాయల కోసం కింద హాస్టల్ నుంచి కేకేశారు. ఆశమ్మ ఫోను మంచం మీద పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లింది.

మర్నాడు స్టూడియోలో జోగారావు గారే స్వయంగా కథకుడి భాగం చదువుతున్నారు. ఆ గొంతు వింటే ఎవరికైనా వెన్ను నిటారుగా అవుతుంది. బంగారానికి ఈజిప్టు వాళ్లు వాడిన ప్రాచీన పదం నూబియా వాళ్ల నోట్లో ఇంకా బతికే ఉందని చదివారు. ఫారోలు తమ చెప్పుల అడుగున నూబియా బందీల బొమ్మలు వేయించుకున్నారని చదివారు. రోజూ తొక్కుతూ నడవచ్చని. తర్వాత ఆ నూబియా రాజులే ఫారోలై గుళ్లు కట్టారు, పిరమిడ్లు లేపారు. చాలా కాలానికి క్రైస్తవులయ్యాక నూబియా వాళ్లు గ్రీకు అక్షరాలు తీసుకుని, అందులో లేని ధ్వనులకు అక్కడి పాత రాజ్యపు లిపిలోంచి రెండు మూడు కలుపుకుని, మొదటిసారి సొంత భాషను తోలు కాగితాల మీద రాసుకున్నారు. అదీ కొన్ని వందల ఏళ్లే. తర్వాత అరబ్బీ వచ్చింది, ఆ రాత ఆగిపోయింది, మాట మాత్రం ఇళ్లల్లో మిగిలింది.

అద్దం అవతల కూర్చుని ప్రేమ పియే ఘట్టం చదువుకుంటోంది. ఓడిపోయిన రాజు కోటలోకి పియే వెళ్లాడు. రాణులను చూపిస్తే కన్నెత్తి చూడలేదు. గుర్రపుశాలకు నడిచాడు. ముట్టడిలో మేత లేక ఎండిపోయిన గుర్రాలను చూసి, నువ్వు చేసిన తప్పులన్నిటిలోకీ నా గుండెను కోసింది ఇదేనన్నాడు. ఆ మాట రాతి మీద ఈజిప్టు భాషలో భద్రంగా ఉంది. కానీ ఆ ఎండిన గుర్రాల డొక్కలు చూడగానే ఆయన నోట్లోంచి మొట్టమొదట వచ్చిన మాట ఏ భాషదో! ప్రేమకు ఎందుకో దాని మీదికే పోయింది మనసు.

"ఊఁ, కానీ," అన్నారు జోగారావు గారు బయటికొచ్చి. "పాలమూరు వినిపించు."

ప్రేమ వినిపించింది. రాత్రంతా సాధన చేసింది వృథా పోకూడదని ప్రాణం పెట్టి చెప్పింది. జోగారావు గారు కళ్లు మూసుకుని విన్నారు.

"న్యూస్ చదివి చివర్లో ర్రు, న్రు తగిలించినట్టుందమ్మా."

శ్రావణ్ కంప్యూటరు వైపు తిరిగాడు. అతను జోకు వేయకపోవడమే ప్రేమకు ఎక్కువ బాధ కలిగించింది.

"సుందరిని రేపు మధ్యాహ్నం రమ్మన్నాను, నీకు కుదరకపోతే ఇబ్బంది పడకూడదని. ఒక పని చెయ్. ఆ పక్కింటావిణ్ణి రేపు పొద్దున్నే తీసుకురా. ఇక్కడ కూర్చోబెట్టి కాసేపు మాట్లాడిద్దాం. నువ్వు వింటూ పట్టేసుకో. నీ చెవి మంచిది, నాకు తెలుసు."

ఆయన సాయం చేద్దామనే అన్నారు. అదే వచ్చిన తంటా. కాదంటే పాత్ర పోతుంది, ఔనంటే అమ్మ పక్కింటావిడ అవుతుంది. ప్రేమ సరేనంది.

ఇంటికెళ్లి తల్లితో సగమే చెప్పింది. "మా డైరెక్టరు నీ మాట వింటారట. రేపు నాతో స్టూడియోకి వస్తావా?"

ఆశమ్మ ముఖం విప్పారింది. కూతురి ఆఫీసును ఆమె బయటినుంచి కూడా చూడలేదు. ట్రంకుపెట్టె తెరిచి రెండు చీరలు తీసి, ఏది కడితే బాగుంటుందని అడిగింది. తలకు నూనె పెట్టుకుంది. "నేనేం మాట్లాడాలె బిడ్డా? తప్పు మాట్లాడితె నీ పేరు వోతదేమో," అంది.

"మామూలుగా మాట్లాడు చాలమ్మా."

మిగతా సగం చెప్పాలని అన్నం తినేటప్పుడు అనుకుంది. పక్క వేసేటప్పుడు అనుకుంది. పొద్దున ఆటోలో కూడా అనుకుంది. ఆశమ్మ మెట్రో స్తంభాలను, హోటళ్ల బోర్డులను వింతగా చూస్తూ కూర్చుంటే, ఆ ఆనందం చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నానని తనకు తాను చెప్పుకుంది. నిజానికి ధైర్యం లేకపోయింది.

మెట్లెక్కాక ఆశమ్మ చెప్పులు బయట విడిచింది. ఏసీ చలికి కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. జోగారావు గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. మంచి మర్యాదస్తుడు.

"రండమ్మా, రండి. మా ప్రేమ పక్కింట్లోనే ఉంటారటగా మీరు?"

ఆశమ్మ ప్రేమ వైపు చూసింది. ఎంతోసేపు కాదు. కొంగు సర్దుకోవడానికి పట్టేంతసేపు.

"ఔ సారూ. పక్కపొంటే," అంది.

ఆ జవాబు అంత సులువుగా వస్తుందని ప్రేమ అనుకోలేదు. తిట్టినా బాగుండేది. జోగారావు గారు శ్రావణ్‌ను టీ చెప్పమన్నారు. ఆశమ్మ స్టూలు చివరన కూర్చుని, పక్కింటి మనిషి కూర్చున్నట్టే, చేతులు ఒళ్లో పెట్టుకుని గది చూసింది.

ఊరికే మాట్లాడమంటే ఆశమ్మకు ఏమీ తోచలేదు. అందుకని జోగారావు గారు ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టించి మైకు గదిలో నిలబెట్టారు. ముందు దహీబా మాట్లాడుతుంది. పక్కన నిలబడి ప్రేమ దాని అర్థం మెల్లగా చెబుతుంది. దాన్ని ఆశమ్మ తన మాటల్లో అంటుంది. ప్రేమ వింటూ నేర్చుకుంటుంది.

మొదట అంతా గందరగోళమే. తెర మీద దహీబా మాట్లాడుతుంటే ఆశమ్మ 'ఊఁ' కొట్టింది. 'అయ్యో' అంది. 'మల్ల ఏమాయె?' అని తెరనే అడిగింది. శ్రావణ్ పడీ పడీ నవ్వాడు. జోగారావు గారు నవ్వుతూనే, "అమ్మా, మీరు ఆవిడతో మాట్లాడకూడదు, మీరే ఆవిడ," అన్నారు.

"గట్లనా సారూ? సరె."

తర్వాత కుదిరింది. "ఎనకట మా మాటలకు గూడ అచ్చరాలుంటుండెనంట. నేను సూసిన, అద్దాల పెట్టెల వెట్టిన్రు. నాకు సదవరాదు. అద్దం మీద చెయ్యి వెట్టి వచ్చిన," అంది ఆశమ్మ. సాగదీయలేదు, బొంగురు పెట్టలేదు. కూర తుంచుతూ హాస్టల్ పిల్లలతో చెప్పుకున్నట్టు చెప్పింది. జోగారావు గారి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

తర్వాతి ముక్క ఊరు విడిచిన రోజుది. ప్రేమ అర్థం చెప్పింది. "రైలెక్కే ముందు ఆడవాళ్లందరం ఇళ్లు శుభ్రంగా ఊడ్చాం. సమాధుల దగ్గరికెళ్లి ముద్దు పెట్టుకున్నాం. తలుపులకు తాళాలు వేసి, తాళంచెవులు వెంట తెచ్చుకున్నాం."

తెర మీద దహీబా చెప్పడం ముగించి ఒళ్లో చేతులు చూసుకుంటోంది.

"మునిగేటి ఇల్లును ఊడ్చిన్రా?" అని ఆశమ్మ ప్రేమను అడిగింది.

"ఔనమ్మా."

అమ్మా అన్నది ఎవరూ పట్టించుకోలేదు. పెద్దవాళ్లను ఎవరైనా అలాగే పిలుస్తారు.

"మేం ఊడ్వలే బిడ్డా," అంది ఆశమ్మ. "మా ఊరు కృష్ణల మునిగినప్పుడు. రేపో మాపో నీళ్లొస్తున్నయంటే దర్వాజలు వీక్కోని, దూలాలు వీక్కోని బండ్లల్ల ఏసుకున్నం. గోడలు ఒట్టిగ నిలవడ్డయి. ఊడ్వాల్నని మాకు తోయలే సూడు."

పాలమూరులో కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డున తమకొక ఊరుండేదని ప్రేమకు తెలుసు. డ్యామ్ నీళ్లలో పోయిందనీ తెలుసు. ఆ సంగతి ఆమె ఎన్నడూ అడగలేదు, అందుకని ఆశమ్మ ఎన్నడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నది కూడా పక్కింటి అమ్మాయికి.

ఆశమ్మ ముక్కు తుడుచుకుని, దహీబా మాటలు చెప్పాల్సిన చోటు గుర్తొచ్చి, మెల్లగా అంది. "ఇండ్లు ఊడ్చినం. గోరీలకు ముద్దు వెట్టుకున్నం. తాళాలేసి, చెవులు కొంగుల ముడేసుకొని రైలెక్కినం."

జోగారావు గారు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "శ్రావణ్, ఇది రికార్డ్ అవుతోందా?"

"మొదటిసంది చేస్తనే ఉన్న సార్."

"ఇంక నేర్చుకోవడం ఏమిటి, దహీబా ఈవిడే," అన్నారాయన. తర్వాత ప్రేమను చూసి ముఖం చిన్నబుచ్చుకున్నారు. "ఏమనుకోకు ప్రేమా."

"అయ్యో, ఏమీ అనుకోనండీ," అంది ప్రేమ. అనుకుంది. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన పాత్ర కళ్లముందే చేజారితే అసూయ కలిగింది, అదీ కన్నతల్లి మీద. ఆ వెంటనే సిగ్గు కలిగింది. ఇంకో మనిషి మీద అయితే రెండూ ఇంత నొప్పి పెట్టేవి కావు.

"కూతురి డైలాగు ఒక్కటి ఉంది. అది నువ్వు చెప్పేసెయ్. లోపల గదిలోంచి అరబ్బీలో జవాబిస్తుంది కాబట్టి దానికి మామూలు తెలుగే."

ఇద్దరూ మైకుకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. తెర మీద దహీబా అరుగు మీద కూర్చునే లోపలికి కేకేసింది.

"బిడ్డా, పొయ్యి మీద పాలు సూడు, పొంగుతయేమో!" అంది ఆశమ్మ.

"చూస్తున్నానమ్మా," అంది ప్రేమ.

ఒక్క టేకు. తడబాటు లేదు, ముందూ వెనకా లేదు. రోజూ ఇంట్లో అనే మాటే అది.

"ఓకే!" జోగారావు గారు చప్పట్లు కొట్టారు. "ఎంత సహజంగా ఉందో! అచ్చం తల్లీ కూతుళ్లే."

ప్రేమ హెడ్‌ఫోన్లు తీసింది. ఏ తెలుగులో చెప్పాలా అని వెతికింది. ఎప్పటి తెలుగే వచ్చింది, కడిగిన ముత్యం లాంటిదే.

"సార్, ఈవిడ మా పక్కింటావిడ కాదండీ. మా అమ్మ."

"ఊకో," అంది ఆశమ్మ గబగబా. "పిల్ల గట్లనే అంటది సారూ, నన్ను అమ్మా అనే పిలుస్తది."

"కన్నతల్లండీ. మాదీ పాలమూరే. నేను అబద్ధం చెప్పాను."

మొన్న ఇదే కుర్చీలో కూర్చుని తానేమన్నదీ జోగారావు గారికి ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పారు. "ఆ పశువులు కాసేవాళ్లకూ సిపాయిలకూ పెట్టిన యాస తీసేద్దాంలే," అన్నారు చివరికి, కింద చూస్తూ.

"తియ్యకండి సార్," అంది ప్రేమ. "రాజుక్కూడా పెట్టండి. కిరీటం పెట్టుకున్నాక కూడా ఉంచండి."

ఆయన ఔననలేదు, కాదనలేదు. చూద్దాం అన్నారు. బాలత్రిపురసుందరికి ఫోన్ చేసి రావద్దని చెప్పడానికి బయటికి వెళ్లారు. శ్రావణ్ మాత్రం కుర్చీ తిప్పి, "పేరేందమ్మా నీది? సినిమాల ఎయ్యాలె," అని అడిగి, ఆశమ్మ చెప్పిన పేరు జాగ్రత్తగా టైపు చేసుకున్నాడు.

కిందికి దిగి తల్లీ కూతుళ్లు ఆటో కోసం నిలబడ్డారు. నారాయణగూడ చౌరస్తాలో ఎండ చురుక్కుమంటోంది. కొంగు నెత్తి మీదికి లాక్కుని ఆశమ్మ వచ్చే పోయే బండ్లను చూస్తోంది. ప్రేమ క్షమించమని అడగాలనుకుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

"ఈ తాప పక్కింటామెను జేసినవ్," అంది ఆశమ్మ ఉన్నట్టుండి. ఆ గొంతులో నవ్వు ఉంది. "నయ్యమే. బడిల ఉన్నప్పుడు పనామెను జేసినవ్."

ప్రేమ తల తిప్పి చూసింది. ఆ రోజు స్నేహితులతో తానన్న ఆ మాట తల్లి వినలేదనే ఇన్నేళ్లూ నమ్ముకుంది.

"నీకు తెలుసా?"

"తెల్వకేమాయె. నీ దోస్తులు నన్నే అడిగిన్రు గద, పనామెవా అని. అప్పుడు గూడ ఔననే అన్న."

ఆటో వచ్చి ఆగింది. ఆశమ్మ మోకాళ్లు పట్టుకుని ముందుగా ఎక్కి, కూతురికి చోటిచ్చి పక్కకు జరిగి కూర్చుంది.